దగ్గు రాలేదు

కూర్చో ముందు. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి "నా పుస్తకం ఇచ్చేయండి మామ్మగారూ, వెళ్ళిపోతా" అంటే ఎలా? నేనేమన్నా పోస్టాఫీసు కిటికీనా, చెయ్యి చాపగానే చేతిలో పెట్టడానికి? మూడు వారాలైంది నీ ముఖం చూసి. మూడు వారాలేమిటి, నా లెక్కలో మూడు యుగాలు.

ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది. వంటింట్లోకి రా. ముందుగదిలో మా ఆయనకి ఇప్పుడే కునుకు పట్టింది. నీ గొంతు వినిపించిందా, మంచం మీంచి దూకేస్తాడు. కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయిన మనిషి ఎలా దూకుతాడంటావా? నీకోసమైతే దూకుతాడు.

టీ పెడతాను. వద్దా? సరే, వద్దులే. అలాగే ముఖం ముడుచుకుని కూర్చో. నీకా హక్కుంది.

ఆ కొత్తమ్మాయి లేదులే, సిరంజీలు కొనడానికి మందుల షాపుకి వెళ్ళింది. నీ తరవాత మీ ఆఫీసువాళ్ళు పంపారే, ఆవిడ. గడకర్రంత పొడుగు. మన గుమ్మంలోంచి రావాలంటే రెండు మడతలు పెట్టాలి. పొద్దున ఎనిమిదింటికి వచ్చి "ఊ" అంటుంది, సాయంత్రం ఆరింటికి "ఊ" అని పోతుంది. మధ్యలో పది గంటలు నేను గోడలతో మాట్లాడుతున్నా. ఫ్రిజ్‌తో మాట్లాడుతున్నా. ఫ్రిజ్ నయం, మధ్యమధ్యలో గుర్రుమంటుంది.

పని రాదని కాదు, వచ్చు. తలవైపు మంచం ఎత్తుతుంది, ముక్కులోంచి పొట్టలోకి వేసిన ట్యూబు మీద గుర్తు చూస్తుంది, సిరంజి పైకి పట్టుకుని పాలు పోస్తుంది, చివర్లో నీళ్ళు పోసి మూత పెడుతుంది. అంతా సరిగ్గానే. మొక్కకి నీళ్ళు పోసినట్టు.

నువ్వలా పోశావా ఎప్పుడన్నా? మనిషి ముప్ఫైఐదేళ్ళు బస్సు నడిపాడని తెలిసిన రోజునుంచి నువ్వు పెట్టిన ఆట నాకు గుర్తులేదనుకున్నావా. ఒక్కో సిరంజీ ఒక్కో స్టాపు. "తాతగారూ, మొదటి స్టాపు, రెడీయా? రెండో స్టాపు, గతుకులున్నాయి, పట్టుకోండి. నాలుగోది, ఆఖరి స్టాపు, అందరూ దిగండి." ఆయన మూతి ఎడంపక్క పైకి లేచేది. సగం నవ్వు. ఆ సగం నవ్వుకి నేను మా ఇల్లు రాసిచ్చేసేదాన్ని, నా పేరు మీదుంటే.

అవును, కొత్తమ్మాయికీ చెప్పా, ఇలా స్టాపులు చెప్తూ పొయ్యమ్మా అని. "ఊ" అంది.

టైం చూడకు. నీ బస్సు ఇంకో గంటకి గానీ లేదు, నాకు తెలుసు.

అదేంటి, రేపే మీ ఆఫీసులో చూపించాలా పుస్తకం? చూపిస్తే పేరు ఉంచుతారు, లేకపోతే తీసేస్తారు. అంటే ఇక ఏ ఇంటికీ పంపరు. నాలుగు నెలలు పూటపూటా ఎంత పోశావో, ఎన్నింటికి పోశావో, తల ఎత్తావో లేదో రాసుకున్నావు, అది చూపిస్తే సరిపోతుందనుకుంటున్నావు. పిచ్చిపిల్లా. "నువ్వు రాసుకున్నదే కదా" అంటే ఏం చెప్తావు?

చెప్పు. ఏం చెప్తావు?

ఏంటీ, గట్టిగా అను. నాకు కుడిచెవి ముప్పావు వంతు చెవుడు.

ఏమో, ఒకరోజు నిజంగానే మంచం ఎత్తడం మర్చిపోయానేమో అనుకుంటున్నావా. మూడు వారాలుగా అదే అనుకుంటున్నావా. పడుకుంటే ఆ మంచమే కనిపిస్తోందా నీకు.

అయ్యో.

ఇది ఇంత దూరం వెళ్ళిందని నేననుకోలేదమ్మా. నీ ఉద్యోగం వరకే అనుకున్నా. చూడు నా నోరు, ఉద్యోగం "వరకే" అంటోంది.

విను. నువ్వు మర్చిపోలేదు. ఒక్క పూట కూడా మర్చిపోలేదు. తప్పు నీది కాదు, నాది. నేను నోటితో పెట్టాను ఆయనకి. చెంచాతో. నువ్వు మధ్యాహ్నం నీ టిఫిను డబ్బా పట్టుకుని మేడమీదికి వెళ్ళేదానివే, ఆయన ముందు తినడం పాపమని, ఆ అరగంటలో.

నవ్వుతావేం?

నన్ను కాపాడ్డానికి కథ అల్లుతున్నారు అంటావా. బాగుంది. ఇలా అంటావని తెలుసు నాకు. పొద్దున్నే మా అమ్మాయికి ఫోన్ చేసి ఇదే చెప్పా. అది బళ్ళో లెక్కల టీచరు కదా, తప్పు కనిపిస్తే ఎర్రపెన్ను తియ్యకుండా ఉండలేదు, నాకూ ఒక పెద్ద సున్నా చుడుతుందనుకుని సిద్ధపడి చెప్పా. ఏమందో తెలుసా? "అమ్మా, ఆ పిల్ల మీద జాలితో నువ్వు ఎన్నయినా చెప్తావు. క్లాసుంది, పెట్టేస్తున్నా" అంది.

దాని తప్పేం లేదు. దాని పుట్టుకే చెప్పేదాన్ని నేను, వానలో పుట్టావు, ఊరంతా మునిగింది, మంత్రసాని పడవలో వచ్చింది అని. ఆ రోజు చినుకు కూడా పడలేదు. ఈ మెట్లు నూట యాభై అని పాలవాడికి చెప్తా, ఉన్నవి నలభై నాలుగు. ఆయనకి జ్వరం నూట పది వచ్చిందని వీధంతా చెప్పా, వచ్చింది నూట మూడు. ఉన్నదున్నట్టు చెప్తే ఎవరు కూర్చుంటారమ్మా నా దగ్గర? కాస్త ఉప్పూ కారం వేస్తే ఇంకో పది నిమిషాలు కూర్చుంటారు. అలా వేసీ వేసీ ఇప్పుడు ఉత్తి నిజం చెప్తే ఎవరికీ రుచించట్లేదు.

లేవకు. పుస్తకం ఇస్తానన్నా కదా. అదిగో, పై అరలో పిండి డబ్బా, దించు. మూత తియ్యి. చెయ్యి పెట్టు లోపలికి, అడుగుదాకా. దొరికిందా? దులుపు, దులుపు, నా మీద కాదు.

పుస్తకాన్ని పిండి డబ్బాలో ఎందుకు పెట్టానో అడగవేం?

చివర్నుంచి రెండో పేజీ తియ్యి. ఆయనకి జ్వరమని నువ్వు ఆసుపత్రికి ఫోన్ చేశావే, దానికి ముందురోజుది. నీ చేతిరాతే, పైకి చదువు. చదువు పర్లేదు. "పన్నెండున్నర, రెండువందలు పోశాను, తల ఎత్తాను. ఒకటిన్నర, గడ్డం కింద పసుపు రంగు మరక ఉంది, తడిగా. తుడిచాను. మామ్మగారిని అడిగాను, తన చేతిది అన్నారు."

అడిగావు కదా. నేను ఏదో గుమ్మడికాయ కోస్తున్నా, ఆయన ముఖం సర్దాను అన్నా. నువ్వు నమ్మావు. నమ్మినా రాశావు చూడు, చీమ అని ఊరికే పేరు పెట్టానా నీకు. చక్కెర పలుకు కూడా వదలవు. ఆ ఒక్క ముక్క కోసమే దాచా దీన్ని. మా అమ్మాయి ఎక్కడ చూస్తుందో అని.

ఇప్పుడు నవ్వట్లేదే.

సరే, మొదటినుంచీ చెప్తా. ఈసారి ఉప్పూ కారం లేకుండా.

ఆయనకి మాట పోయింది, దానికి నేను సర్దుకున్నా. పెళ్ళైన రోజునుంచీ మాట్లాడేది నేను, వినేది ఆయన. పక్షవాతం వచ్చాక పెద్ద తేడా ఏం లేదు. నడక పోయింది, దానికీ సర్దుకున్నా. నావల్ల కానిది ఒక్కటే, కంచం. ఒక్కదాన్నీ కూర్చుని తినాలి. ఆయన ముందు తినలేను, వాసన తగిలితే కళ్ళు ఇటే తిప్పుతాడు. అందుకని ఇదిగో, ఈ సింకు దగ్గర నిలబడి, కుళాయి తిప్పేసి, ఆ చప్పుడులో నమిలేదాన్ని. నా ఇంట్లో నేను, దొంగతిండి తిన్నట్టు. నాలుగు ముద్దలకి గొంతు మూసుకుపోయేది. ఆయనకి గొంతు పడిపోయిందని డాక్టరు చెప్పాడు, నాది ఏ డాక్టరూ చూళ్ళేదు.

నీకు తెలీదులే. నువ్వు మేడమీద తినేదానివి.

ఒకరోజు గుమ్మడికాయ ఉడకబెట్టి మెదిపా. ఆయనకి ఇష్టం. గిన్నె పట్టుకుని ఆయన పక్కన కూర్చున్నా, ఊరికే. వాసన చూస్తాడులే అని. చూస్తూ చూస్తూ ఒక చెంచా ముంచి పెదవి దగ్గర పెట్టా. ఆయన ముఖం అటు తిప్పేశాడు.

డాక్టరుగారు ఇంటికి పంపేటప్పుడే చెప్పాడు, నోటితో చుక్క కూడా వద్దని. నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. మింగితే దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, దగ్గు వస్తుంది, ఉక్కిరిబిక్కిరి అవుతాడు అన్నారు. నా బుర్రకి ఆ దగ్గు ఒక్కటే ఎక్కింది. దగ్గు వస్తే ప్రమాదం, రాకపోతే లేదు. అదీ నా డాక్టరీ.

నాలుగు రోజులు పెట్టబోయా. నాలుగు రోజులూ ముఖం తిప్పాడు. గట్టిగా ఉందేమో, మింగలేననుకుంటున్నాడేమో అని నేను దాన్ని పల్చన చేశా. ఇంకాస్త నీళ్ళు, ఇంకాస్త నీళ్ళు. జారుగా ఉంటే తేలిగ్గా దిగుతుంది కదా అని. అది కూడా తలకిందులేనట. పల్చనదే ముందు పక్కదారి పడుతుందట. నేనేమో వడకట్టి మరీ ఇచ్చా.

ఐదో రోజు నోరు తెరిచాడు.

దగ్గు రాలేదు. పొలమారలేదు. గొంతు దగ్గర ఆ ముడి పైకి లేచి కిందకి దిగింది. నేను ఎదురుగా నా కంచం పెట్టుకున్నా, ఆయనకో చెంచా, నాకు నాలుగైదు ముద్దలు. నాలుగు నెలల్లో మొదటిసారి కడుపునిండా తిన్నానమ్మా. నువ్వు మేడ దిగి వచ్చి "మామ్మగారూ, ఇవాళ ముఖం వెలిగిపోతోందేంటి" అన్నావు గుర్తుందా? పక్కింటావిడతో పోట్లాడి గెలిచా అన్నా.

జ్వరం వచ్చిన రోజు ఆసుపత్రిలో డాక్టరుగారు ఎక్స్‌రే పట్టుకుని అడిగాడు. "లోపలికి ఏదో దిగింది. పాలు పోసేటప్పుడు తల ఎత్తే ఉంచుతున్నారా?" నన్నే అడిగాడు. మా అమ్మాయి పక్కనే ఉంది. నేనేమన్నాను? "ఏమోనండీ, నేను వంటింట్లో ఉంటాను, నాకేం కనిపిస్తుంది" అన్నా. అంతే. చూడబోతే అబద్ధం కూడా కాదు. అబద్ధమైతే ఇంతకంటే బాగా చెప్పేదాన్ని. ఆ ఒక్క "ఏమో"ని మా అమ్మాయి రెండు పేజీలు చేసి మీ ఆఫీసుకి పంపింది.

అప్పుడే ఎందుకు చెప్పలేదా?

చెప్దామనే నోరు తెరిచా. సరిగ్గా అప్పుడే మా అమ్మాయి ఆ నడవలో నిలబడి అంది. "ఈ పని చేసినవాళ్ళని మా నాన్న గదిలో ఒంటరిగా ఒక్క నిమిషం ఉండనివ్వను." నీ గురించే అంది. తగిలింది నాకు. ఉండనివ్వకపోతే నేనెక్కడికి పోను? ఈ వంటింట్లో కూర్చుని, ఆ గదిలో ఎవరో నడుస్తుంటే వినాలా? నోరు మూసుకున్నా. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.

తరవాత గొంతు పరీక్ష చేసే అమ్మాయి వచ్చింది. ఏదో మందు కలిపిన నీళ్ళు చెంచాతో ఇచ్చి, లోపల ఎటు పోతుందో తెరమీద చూపించింది. నల్లగా ఒక చార. గొంతుదాకా వచ్చింది, అక్కడ ఒక్క క్షణం ఆగి పక్కకి జారిపోయింది. ఆయన కదల్లేదు. రెప్ప కూడా వెయ్యలేదు. "దగ్గు రాలేదు కదమ్మా" అన్నా నేను. "అదే భయం మామ్మగారూ. లోపల స్పర్శ పోయింది, తప్పుదారిన పోయినా ఆయనకి తెలీదు. దగ్గేవాళ్ళనైతే చూసి ఆపగలం" అంది.

అంటే నేను ఆనందంగా ముద్ద తింటూ ఎదురుగా చూస్తున్నప్పుడు, ప్రతి చెంచా అటే పోయింది. ప్రతిదీ.

ఇక నోటితో తినడం కుదరదట. వచ్చేవారం పొట్టకి చిన్న కన్నం పెట్టి అక్కణ్ణించే ట్యూబు వేస్తారు. ముక్కుకి విముక్తి. అద్దంలో చూపిస్తే సంతోషిస్తాడు, తన ముక్కంటే ఆయనకి మహా ఇది.

కళ్ళు తుడుచుకో. పిండి అంటుకుంది ముఖానికి.

పెన్నుందా? ఉంటుంది, నీ దగ్గర లేకపోవడమేంటి. ఆ పుస్తకంలోనే రాయి, ఆ మరక మాట కిందే. నేను చెప్తా, నువ్వు రాయి, నా వేళ్ళు వణుకుతాయి, సంతకం మటుకు నేనే పెడతా.

"పేషెంటు భార్యనైన నేను." అలా రాయాలిగా? ఆ. "నేను నోటితో పెట్టాను. ఆయాకి తెలియదు. ఆమె లేని అరగంటలో పెట్టాను." ఎన్ని రోజులా? ఏడు. పెట్టబోయింది పదకొండు, మొదటి నాలుగూ ఆయన తీసుకోలేదు. ఆరు రోజులు రోజుకి మూడు చెంచాలు. ఆఖరి రోజు ఐదు. మొత్తం ఇరవై మూడు. పెద్ద చెంచా కాదు, టీ చెంచా.

అలా చూడకు. ఇరవై మూడే. ఈ ఒక్కటీ పెంచలేదు, తగ్గించలేదు.

"తల ఎత్తలేదని నేను డాక్టరుగారితో అనలేదు, ఎత్తిందనీ చెప్పలేదు. చెప్పవలసింది." చెప్పవలసింది అన్నది ఉండనీ. కొట్టెయ్యకు.

ఇటివ్వు. ఇక్కడేనా? వంకర వచ్చింది, పర్లేదు, నా సంతకం మొదటినుంచీ అంతే. ఈ పేజీ ఫోన్‌లో ఫొటో తీసి ముందు మా అమ్మాయికి పంపు. అవును, ఇప్పుడే, నేను చూస్తుండగా. నేను చెప్తే కథ, నీ రాత అయితే నమ్ముతుంది. సాయంత్రం వస్తుంది. ఏమంటుందో నాకు తెలుసు. అననీ. తలుపు అవతల కూర్చోమంటే కూర్చుంటా, కనీసం తలుపు తీసి ఉంచమని అడుగుతా.

పంపావా. రెండు టిక్కులు పడ్డాయా. నాకు చూపించకు, నమ్ముతున్నా.

వెళ్తావా మరి? ఆయన్ని చూసి వెళ్ళు. లేపకు. ఊరికే గుమ్మంలోంచి.

ఏంటి, ఇంకా ఏదో అడగాలని ఉంది నీకు. అడుగు. ఇంత జరిగాక నా దగ్గర మొహమాటమేంటి.

వద్దని నాలుగు రోజులు ముఖం తిప్పిన మనిషి ఐదో రోజు ఎందుకు తెరిచాడనా?

ఇది కాగితంలో రాయకు.

మధ్యాహ్నం షిఫ్టులు నడిపిన రోజుల్లో ఆయన ఇంటికొచ్చేసరికి నాలుగయ్యేది. నేను తినకుండా కూర్చునేదాన్ని. "ఆకలి నకనకలాడుతోంది" అంటూ వచ్చి కూర్చుని తినేవాడు. డిపోలో అప్పటికే తినేసేవాడు, రోజూ. ఆయన చొక్కాలు ఉతికేది నేను, జేబు రుమాలు ఉతికేది నేను, నాకు తెలీదూ? తెలిసినా వడ్డించేదాన్ని. నేను ఒక్కదాన్నీ తినలేనని ఆయనకి తెలుసు, ఆయన తినే వచ్చాడని నాకు తెలుసు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్ళం. మాటల్లేవు.

ఆ రోజు కూడా ఆయనకి ఆకలి లేదమ్మా. అప్పుడే నువ్వు పోసి మేడెక్కావు, కడుపు నిండుగా ఉంది. నేను గిన్నె పట్టుకుని, అయిదో రోజు కూడా వద్దంటాడేమోనని, ఏ ముఖం పెట్టుకుని కూర్చున్నానో నాకు తెలీదు.

నా ముఖం చాలాసేపు చూశాడు. చూసి నోరు తెరిచాడు.

నేను పెట్టాను.